మూఢంలో ముహూర్తం

దేవస్థానంలో కొలువు, బ్యాంకు ఉద్యోగం, బెంగుళూరులో సాఫ్టువేరు, అదీ కాకపోతే యాత్రికులకు కారు తిప్పుకోవడం: తిరుపతిలో సంబంధాలు కుదిర్చే పెద్దమనుషులు గౌరవంగా ఒప్పుకునే వృత్తుల్లో స్వతంత్ర చలనచిత్ర దర్శకత్వం ఇంకా చేరకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఊరికే అనడం లేదు. మా వీధి దర్శకుడి తొలి చిత్రానికి మా మిద్దెను అద్దె లేకుండా ఇచ్చినవాడిని, అందులో రెండు నిమిషాలు పోస్టుమానుగా నటించినవాడిని. హీరోకు ఉద్యోగం రాలేదన్న ఉత్తరం నేను తెచ్చి ఇవ్వాలి. ఈ రోజుల్లో అలాంటి కబుర్లు మెయిల్లో వస్తాయి గదా నాయనా అన్నాను. మెయిల్లో వస్తే మీకు వేషం ఉండదు సార్ అన్నాడు. కథాబలం దృష్ట్యా ఒప్పుకున్నాను.

స్వతంత్ర దర్శకుడంటే ఎవరి మీదా ఆధారపడనివాడని కొందరు పొరబడుతుంటారు. ఇతడు డబ్బుకు మేనమామ మీద, కెమెరాకు పెళ్లిళ్ల స్టూడియో మీద, ఇంటి ఖర్చుకు భార్య టీచరు జీతం మీద, మధ్యాహ్న భోజనానికి తల్లి మీద, ఇవన్నీ ఒక్కరోజున కుదరడానికి పంచాంగం మీద ఆధారపడతాడు. మిగిలిన విషయాల్లో స్వతంత్రుడే.

ఆ తల్లికి సినిమా అంటే చిత్తూరు నాగయ్యగారు. రేపల్లెలో పుట్టి, చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో ఊరి పేరునే తన పేరు ముందు చేర్చుకున్న ఆయన, 1946లో 'త్యాగయ్య'ను తానే నిర్మించి, తానే దర్శకత్వం వహించి, తానే త్యాగయ్యగా నటించి, సంగీతం కూడా తానే కూర్చారు. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. సంపాదించినదంతా అడిగినవారికీ అడగనివారికీ పంచిపెట్టి, సినిమాలు తీసి, 1973లో కన్నుమూసేనాటికి తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. ఈ జీవితంలో కొడుకు మొదటి సగం చదువుకున్నాడు, తల్లి రెండో సగం చదువుకుంది. ఇంట్లో గొడవలన్నీ అక్కడే.

నిర్మాత అయిన మేనమామకు బంగారుపాళ్యం వైపు తోతాపురి మామిడి తోట ఉంది. కనుక ఈ చిత్రానికి బడ్జెట్ లక్షల్లో గాక టన్నుల్లో వేశారు. 2025 వేసవిలో కాయ ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు జరిగినప్పుడు, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరితే రైతులతో పాటు ఒక స్క్రీన్‌ప్లే కూడా ఆ బారులో నిలబడింది. ధర పడేసరికి కథలోంచి దుబాయి పోయింది, తరువాత చెన్నై పోయింది, చివరకు రేణిగుంట జంక్షను మిగిలింది.

ఇక కెమెరా. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చి, ఫొటోలు తీసే కెమెరాతోనే సినిమా తీయవచ్చని చూపించాక, స్వతంత్ర దర్శకుడి చేతిలోకీ పెళ్లి ఫొటోగ్రాఫరు చేతిలోకీ ఒకే రకం పరికరం వచ్చిపడింది. తేడా ఏమిటంటే పెళ్లివారు అడ్వాన్సు ఇస్తారు. కాబట్టి ముహూర్తాలున్నన్నాళ్లూ కెమెరా కల్యాణ మండపాల్లోనే ఉంటుంది. ఆషాఢంలోనో మూఢంలోనో గానీ కళకు దొరకదు. అయితే మామ మూఢంలో రూపాయి బయటికి తీయడు. ఈ చిక్కుముడి ఆ నవంబరు ఆఖరున శుక్ర మౌఢ్యం మొదలైనప్పుడు ఒక పురోహితుడి ముందుకు వెళ్లింది. మూఢంలో పెళ్లి కూడదు, గృహప్రవేశం కూడదు, శాస్త్రంలో సినిమా ప్రస్తావనే లేదు గనుక అభ్యంతరమూ లేదని ఆయన 116 రూపాయలకు తీర్పు చెప్పారు.

మొదటి షెడ్యూలు వారం రోజులు బాగానే సాగింది. అసలు పరీక్ష రెండో షెడ్యూలుకు వచ్చింది. హీరో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కుర్రవాడు. కొడుకు హీరో అయితే తలనీలాలు ఇప్పిస్తానని వాళ్లమ్మ ఎప్పుడో మొక్కుకుంది. అయ్యాడు గదా! షూటింగుకు నాలుగు రోజులు సెలవు దొరకగానే కొండకు తీసుకుపోయి కల్యాణకట్టలో మొక్కు చెల్లించింది. మర్నాడు ఉదయం కుర్రవాడు నున్నటి గుండుతో, గంధం పూసుకుని, అందరికీ లడ్డూ ప్రసాదం పంచుతూ మా మిద్దె మెట్లెక్కాడు. మొదటి షెడ్యూల్లో హీరో గడప దాటింది జుట్టుతో, అదే సీనులో ఇప్పుడు గదిలోకి అడుగుపెట్టాల్సింది గుండుతో. దర్శకుడు లడ్డూ నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. టన్నులకొద్దీ తలనీలాలు వేలం వేసే ఊళ్లో ఆ బడ్జెట్‌కు ఒక్క విగ్గు దొరకలేదు.

స్క్రీన్‌ప్లే రచన అంటే ఏమిటో నేను చూసింది ఆ గంటలోనే. హీరోకు గుండు ఉండాలంటే కథలో ఎవరైనా చనిపోవాలి. తల్లి కథలో ముందే లేదు. మిగిలింది తండ్రి. తండ్రి వేషం వేస్తున్నది, క్లైమాక్సు దాకా తాను తెరమీద కనబడాలన్న ఒకే ఒక్క షరతు మీద తోట డబ్బు తెచ్చిన మేనమామ. విషయం చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు.

"ఏమ్రా అల్లుడా, దుడ్లు పెట్టేదీ నేనే, సచ్చేదీ నేనేనా?" అన్నాడు.

ప్రపంచ సినిమా చరిత్రలో నిర్మాతల పరిస్థితిని ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యం మరొకటి నా కంటబడలేదు. ఆఖరుకు సాయంత్రం నాలుగింటికి మా హాల్లో ఆయన చనిపోయాడు. కెమెరామన్ పెళ్లిళ్ల అలవాటు కొద్దీ, తరువాత ఎవరూ "మేం వీడియోలో పడలేదే" అని నిష్ఠూరమాడకుండా, ఏడుస్తున్న బంధువులందరినీ ఒక్కొక్కరినే నిదానంగా చూపిస్తూ, ఆడవాళ్ల మెడలో నగల దగ్గర కాస్త ఆగుతూ, చాపల వరస మొత్తం తిప్పాడు. నాలుగు నిమిషాల షాటు. ఫిలిం ఫెస్టివళ్లకు వెళ్లివచ్చే ఒక మిత్రుడు దాన్ని చూసి, మరణం ముందు సమాజపు నిశ్చలత్వాన్ని గొప్పగా పట్టుకున్నారని మెచ్చుకున్నాడు.

శబ్దం సంగతి కూడా ఒక మాట చెప్పాలి. డబ్బింగుకు డబ్బు లేక మాటలు అక్కడికక్కడే రికార్డు చేశారు. రోజుకు 60 వేలమందికి పైగా కొండెక్కే ఊళ్లో, అలిపిరి దారిలో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? హీరో కపిలతీర్థం రోడ్డు మీద నిలబడి "మా నాన్న డబ్బు ఊరికే పోనీయను" అంటాడు. వెనక వెళుతున్న వ్యాను ముక్తకంఠంతో "గోవిందా, గోవింద" అంటుంది. ఎడిటింగులో తీసేయడం వీలుకాలేదు. మామ మాత్రం అది దైవసంకల్పమన్నాడు.

విడుదల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హాలు అద్దె ముందు కట్టమన్నారు థియేటరువారు. థియేటర్లో ఆడిన తరువాత రమ్మన్నారు ఓటీటీవారు. హైదరాబాదులో ఒక పంపిణీదారుడు సినిమా చూడకుండానే "సీడెడ్‌లో ఎవరు కొంటారు?" అన్నాడు. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన సీమకు వచ్చిన పేరది. తిరుపతి ఆ అప్పగింతలో లేదు, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. నిజాం చేయని పనిని సినిమా వ్యాపారం చేసి మమ్మల్ని కూడా అప్పగించేసింది. దర్శకుడు ఈ చరిత్రంతా ఆయనకు వివరించాడట. ఆయన టీ తెప్పించి పంపేశాడు.

కనుక చిత్రం యూట్యూబుకు చేరింది. ప్రకటనల డబ్బు రావాలంటే ఛానెలుకు 1,000 మంది చందాదారులూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణా ఉండాలి. చిత్రం నిడివి గంటా నలభై నిమిషాలు. అంటే మొదటినుంచి చివరిదాకా చూసేవారు 2,400 మంది చాలు. దర్శకుడి తల్లి వంటగదిలో పోపు డబ్బా పక్కన ఫోను నిలబెట్టి రోజూ ఒకసారి పెడుతోంది. ఇంట్లో సినిమాకు వ్యతిరేకంగా మాట్లాడే మనిషి కూడా ఆమే. మామ చనిపోయే చోటికి రాగానే మాత్రం పొయ్యి తగ్గించి నిలబడి చూస్తుంది, ఎంతైనా తమ్ముడు.

ఆ సంగతి మామ చెవిన పడింది. ఊళ్లో ఆయన భార్య, ఇద్దరు కూతుళ్లు, కాయలు కొనే వ్యాపారి కూడా ఆ నాలుగు నిమిషాలకు కంటతడి పెట్టారట. మొన్న ఆదివారం ఆయన తోటనుంచి వచ్చి, రెండో సినిమాకు ఈసారి ఎన్ని టన్నులవుతుందో కనుక్కుని, కొత్త షరతు పెట్టి వెళ్లాడు: ఇంటర్వెల్లుకు ముందే చచ్చిపోతాడట, కాకపోతే షాటు ఆరు నిమిషాలుండాలట.