ఒక స్టాండు, ఇద్దరు పిల్లలు

ఆర్కెస్ట్రాలో వయొలిన్ పిల్లలు స్టాండుకి ఇద్దరు చొప్పున కూర్చుంటారు. ఆ స్టాండు మీద పెట్టే నొటేషన్ పుస్తకం ఇద్దరికీ ఒక్కటే. పేజీ చివరికి రాగానే లోపలి కుర్చీలో ఉన్న పిల్ల వాయించడం ఆపి పేజీ తిప్పుతుంది. ప్రేక్షకుల వైపు కూర్చున్న పిల్ల కమాను ఎత్తకుండా వాయిస్తూనే ఉంటుంది. స్టాండ్ పార్ట్‌నర్లంటారు వీళ్లని. 2020 మార్చిలో కోవిడ్ వల్ల రిహార్సల్స్ ఆగిపోయేనాటికి మా యూత్ ఆర్కెస్ట్రా పేరెంట్స్ కమిటీలో నేనూ ఉన్నాను. ఆర్కెస్ట్రాని ఎలాగైనా నిలబెట్టాలని అందరం తెగ హైరానా పడ్డాం. ముందు నిలబెట్టాల్సింది ఆ స్టాండుని అని మాకు తట్టేసరికి సగం ఏడాది గడిచిపోయింది.

రిహార్సల్స్ ఆపడం తప్పని నేననడం లేదు. అదే మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ కొరాల్ అనే గాయక బృందం రెండున్నర గంటలు ప్రాక్టీసు చేసింది. వచ్చింది 61 మంది, అందులో ఒక్కరికి అప్పటికే జలుబులాంటి లక్షణాలున్నాయి. తర్వాత పరీక్షలో కోవిడ్ అని తేలినవాళ్లు 33 మంది, లక్షణాలను బట్టి లెక్కలోకి వచ్చినవాళ్లు మరో 20 మంది. ఇద్దరు చనిపోయారు. ఇది తెలిశాక ఫ్లూట్లు, ట్రంపెట్లు ఊదే పిల్లల్ని ఒక హాల్లో కూర్చోబెట్టే ధైర్యం ఎవరికుంటుంది?

ఆపాక ఏం చేశామన్న దగ్గరే మా తప్పంతా ఉంది. మొదటి వారమే అందర్నీ జూమ్‌లోకి రమ్మన్నాం. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ చెయ్యెత్తి లెక్కపెట్టారు. ఆ తర్వాత వినబడింది సంత. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. ఒకరి స్వరం ఇంకొకరికి 25, 30 మిల్లీసెకన్లలోపు చేరితే తాళం కలుస్తుంది. స్టేజి మీద ఎనిమిది, పది మీటర్ల ఎడం అన్నమాట. అంతకంటే దూరమైతే చెవిని నమ్ముకోలేం. అందుకే వెనక డ్రమ్ముల దగ్గర నిలబడే పిల్లాడికి "కండక్టర్ చేతిలో బ్యాటన్ పుల్ల చూడు, వయొలిన్లు వినకు" అని చెప్తారు. మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం తేలిగ్గా 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. పక్క కుర్చీలో ఉండాల్సిన పిల్లని 35 మీటర్ల అవతల నిలబెట్టి కలిసి వాయించమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా ఆ సాఫ్ట్‌వేర్ మాటల కోసం తయారైంది. కమాను సాగదీసి పట్టిన పొడుగాటి స్వరాన్ని ఫ్యాను మోత అనుకుని తుడిచేస్తుంది. సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్' అనేది ఒకటుందని తెలిసేదాకా మా సెల్లో పిల్లలు అసలు వాయించడం లేదనుకున్నాం, పాపం.

ఆలస్యాన్ని తగ్గించే జాక్‌ట్రిప్, జమ్యులస్ లాంటి సాఫ్ట్‌వేర్లు లేకపోలేదు. జాక్‌ట్రిప్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతం మీద పరిశోధన చేసేవాళ్ల దగ్గర పుట్టింది. కానీ వాటికి కేబుల్‌తో కలిపిన ఇంటర్నెట్ కావాలి, మంచి హెడ్‌ఫోన్లు కావాలి, వాయించేవాళ్లు మరీ దూరాభారంగా ఉండకూడదు. ఇద్దరు పిల్లల క్లాసులు, అమ్మానాన్నల మీటింగులు ఒకే వైఫై మీద నడిచే ఇళ్లలో అది అయ్యే పని కాదని రెండు శనివారాలు పోగొట్టుకున్నాక ఒప్పుకున్నాం.

మనవాళ్లు కొందరు "కర్ణాటక సంగీతం క్లాసులు ఎన్నేళ్లనుంచో ఆన్‌లైన్‌లో నడవడం లేదా?" అన్నారు. నడుస్తాయి. గురువుగారు ఒక వరస పాడి ఆపుతారు, పిల్ల అందుకుంటుంది. ఒకరి తర్వాత ఒకరు కాబట్టి మధ్యలో ఎంత ఆలస్యమైనా ఎవరికీ పట్టదు. ఆర్కెస్ట్రాలో అందరూ ఒక్కసారే మోగాలి, చిక్కంతా అక్కడే.

తర్వాత మమ్మల్ని వీడియో మోజు పట్టుకుంది. అమెరికన్ స్వరకర్త ఎరిక్ విటేకర్ 2010లోనే 12 దేశాల నుంచి 185 మంది గొంతులు అతికించి వర్చువల్ కొయిర్ చేశాడు. 2020లో అది 129 దేశాలకు, 17,572 మందికి పెరిగింది. అది చూసి మేమూ దిగాం. ఎవరి గదిలో వాళ్లు చెవిలో క్లిక్ ట్రాక్ (తాళం కోసం టిక్కు టిక్కుమనే రికార్డు) పెట్టుకుని, ఫోను అడ్డంగా నిలబెట్టి, వాయించి పంపాలి. కమిటీలో ఒకాయన రాత్రుళ్లు కూర్చుని అన్నీ అతికించాలి. ఎవరికి వారే యమునా తీరే. మా అమ్మాయి పదహారు బార్ల (తాళం కొలతల) ముక్క కోసం మధ్యాహ్నమంతా తలుపేసుకుంది. బయటికొచ్చి "నాన్నా, ఇందులో నా ఒక్కదాని తప్పులే వినబడుతున్నాయి" అంది. నిజమే మరి. హాల్లో పన్నెండు వయొలిన్ల మధ్య కాస్త జారిన స్వరాన్ని పక్కపిల్ల విని, తను కొంచెం సర్దుకుంటుంది, దాన్ని విని ఈ పిల్ల సర్దుకుంటుంది. క్లిక్ ట్రాక్ ఎవరికోసమూ సర్దుకోదు. వీడియో బాగా వచ్చింది, బంధువులందరికీ నేనే పంపాను. అది బయటికొచ్చిన నెలలోనే ఇద్దరు పిల్లలు మానేశారు. కారణం అడిగితే బోర్ కొడుతోందన్నారు.

ఎందుకు కొట్టదు? వయొలిన్లలో ఫస్ట్ వయొలిన్ జట్టుకి కనీసం పాట ఉంటుంది. సెకండ్ వయొలిన్ జట్టు, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) పిల్లలు చాలాసార్లు బీటుకీ బీటుకీ మధ్య టక్కు టక్కుమని రెండు స్వరాలు వాయిస్తారు, అంతే. అరవైమంది మధ్య అది పాటకి ఊపిరి, ఒంటరిగా గదిలో వాయిస్తే ఇంట్లోవాళ్లే "ఏంటే ఆ గోల, ఏదైనా పాట వాయించు" అంటారు. డబుల్ బేస్ పిల్లల గతి ఇంకా అన్యాయం. అంత పెద్ద వాద్యం ఎవరింట్లో ఉంటుంది? అన్నీ రిహార్సల్ భవనంలో తాళం వెనక ఉండిపోయాయి. వాటిని ఇళ్లకు చేర్పించాలన్న ఆలోచన జూన్ దాకా రాలేదు. ఈలోగా పిల్లలు ఆగుతారా, చేతులు సాగిపోయాయి, ముప్పావు సైజు వయొలిన్లు మెడకింద బొమ్మల్లా అయిపోయాయి.

దారి చూపింది మా వయోలా టీచరుగారు. రిహార్సల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో ఆ జంటలనే ఫోను మీద కలిపారు. వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున. కండక్టర్ రాకూడదు, పెద్దవాళ్లు గదిలో ఉండకూడదు. ఒకరు మైకు తెరిచి వాయిస్తారు, రెండోవారు తమ మైకు మూసేసి దానితోపాటు వాయిస్తారు. తర్వాత అటుదిటు. ఇందులో కిటుకు చూడండి. మైకు మూసుకున్న పిల్లకి ఆలస్యంతో పనిలేదు, పార్ట్‌నర్ స్వరం చెవికి ఎప్పుడు చేరితే అప్పుడే తాళం. ముందు వాయించే పిల్లకి ఎదుటివారిది వినబడదు, కాబట్టి నడక చెడకుండా మోసుకుపోవాలి. ఒకసారి నడిపించడం, ఒకసారి వెంటపోవడం. క్లిక్ ట్రాక్ ముందు ఈ రెండూ లేవు. మధ్యలో "నాలుగో లైన్లో నువ్వు కమాను కిందికా, పైకా?" అని అడిగి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడం కూడా మా అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది. పావుగంటలో సగం కబుర్లే. పోనిద్దురూ.

దీనివల్ల స్థాయి పడిపోతుందని కండక్టర్ భయపడ్డారు. పడిపోయింది కూడా, దాచడమెందుకు. ఆ ఏడాది పెద్ద రచన ఒక్కటీ పూర్తి కాలేదు. కొన్ని జంటలు కుదరలేదు, ఒక బాబు మూడు వారాలు ఫోనెత్తలేదు. అయినా నాలుగో వారం అవతలి పిల్లాడే మళ్లీ చేశాడు. కమిటీ ఈమెయిలు పంపితే అది జరిగేదా?

ఇప్పుడదంతా గడిచిన కథ అనుకుంటున్నాం. అనుకోకూడదనే ఇది రాస్తున్నాను. కమిటీ మారిన ప్రతిసారీ కెమెరాకి, ఎడిటింగ్‌కి డబ్బు అడిగేవాళ్లుంటారు, స్టాండ్ పార్ట్‌నర్ల జాబితా, పేరెంట్స్ అనుమతితో ఇద్దరి ఫోన్ నంబర్లు ఎక్కడున్నాయని అడిగేవాళ్లుండరు. హాలు మూతపడిన రోజున ఏ డబుల్ బేస్ ఎవరింటికి వెళ్లాలో ముందే రాసి పెట్టుకుంటే ఖర్చు ఒక కాగితం. పెద్ద సైజు వయొలిన్లు అప్పివ్వడానికి కాస్త నిధి పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

2021లో మొదటి రిహార్సల్ ఆరుబయట జరిగింది. మాస్కులు, మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం, ఎవరి స్టాండు వారికే, గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు. ఓబో అనే ఊదే వాద్యం శ్రుతి ఇచ్చింది, అందరూ మొదలుపెట్టారు, బాగానే సాగుతోంది. మొదటి పేజీ చివరికి వచ్చారు. పేజీ తిప్పడానికి పక్కన ఎవరూ లేరు కదా, ఫస్ట్ వయొలిన్లన్నీ ఒకేసారి ఆగి క్లిప్పులు ఊడదీసుకోవడం మొదలెట్టాయి. రెండు బార్లపాటు పాటే లేదు, వెనక నుంచి సెకండ్ వయొలిన్ల టక్కు టక్కు ఒక్కటే వినబడింది.