చెల్లెలికి కానుక, బావగారి ఓటీపీ

ముంబైలో మన ఆడపడుచులకు ఒక అన్న ఉన్నాడు. మామూలు అన్న కాదు, బడ్జెట్ ఉన్న అన్న, మహారాష్ట్ర ప్రభుత్వం. 2024 జూన్‌లో ఆ బడ్జెట్‌లోనే రాష్ట్రంలోని పేదింటి ఆడవాళ్లను ముద్దుల చెల్లెళ్లుగా ప్రకటించి, నెలకు 1,500 రూపాయలు ఇస్తానన్నాడు. ఆగస్టులో రాఖీ పున్నమికి ముందే రెండు నెలలవి కలిపి 3,000 ఖాతాల్లో పడ్డాయి. తెలంగాణ సరిహద్దున ఉన్న మా గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో మరాఠీ ముక్క రానివాళ్లు కూడా ‘లాడ్కీ బహిన్’ (ముద్దుల చెల్లెలు) అనడం ఆ వారంలోనే నేర్చుకున్నారు. నవంబరు 20న ఓట్లు. అన్న మాట తప్పలేదు, తప్పేంత వ్యవధి కూడా లేదు. మళ్లీ గెలిపిస్తే 2,100 చేస్తామన్నారు. ఆ 600 సంగతి ఇప్పుడెందుకు లెండి, అన్నాచెల్లెళ్ల మధ్య లెక్కలు బాగుండవు.

ఏడాది తిరిగేసరికి అన్నగారికి అనుమానం వచ్చింది. ఈ చెల్లెళ్లంతా నిజంగా చెల్లెళ్లేనా? అనుమానం న్యాయమైనదే. 2025 జూలైలో బయటపడిన లెక్క ప్రకారం ముద్దుల చెల్లెళ్లలో 14,000 మందికి పైగా మగవాళ్లున్నారు. నెలల తరబడి మీసాలతో సహా చెల్లెళ్లుగా చలామణి అయి, 21 కోట్ల రూపాయలకు పైగా పుట్టింటి కానుకలు పట్టుకెళ్లారు. వాళ్లను మీరు ఆడవాళ్లేనా అని అడిగిన నాథుడు లేడు. ఇంత పెద్ద రోగానికి మందు కనిపెట్టాలి కదా. సెప్టెంబరు 18న కనిపెట్టారు. ఇకమీదట ప్రతి ఆడదీ తన వెనకాల ఒక మగవాడున్నాడని రుజువు చేసుకోవాలి.

ఈ-కేవైసీ ఫారంలో ముందు ఆమె ఆధార్ నంబరు, ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టాలి. అంతటితో ఆమె బతికి ఉన్నట్టు, ఆమె ఆమే అయినట్టు తేలిపోయింది కదా అనుకుంటాం మనలాంటి అమాయకులం. తర్వాతి పేజీలో భర్తదో తండ్రిదో ఆధార్ నంబరు, ఆయన ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టాలి. ఎందుకయ్యా అంటే కుటుంబ ఆదాయం తెలుసుకోవడానికట. సంప్రదాయం తెలిసినవాళ్లు ఇందులో తప్పు పట్టరు. పుట్టింటివాళ్లు ఆడపిల్లకు చీర పెడితే బావగారికి పంచె పెట్టమా? ఆయన ముఖం చూడకుండా ఆమె చేతిలో డబ్బు పెడితే అలగడా? ప్రభుత్వానికి అన్ని పంచెలు కొనే స్తోమత లేదు కనుక ఓటీపీతో గౌరవించింది.

చిక్కల్లా ఒక్కటే. ఈ పథకం ఎవరికి అని ఉత్తర్వులో రాసినచోట పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, దిక్కులేనివాళ్లు అని వరుసగా ఉంది. అంటే వదిలేసిన ఆడదానికి ఇస్తారు. ఇచ్చేముందు, వదిలేసినవాడిని ఫోన్‌లోకి పిలవమంటారు.

కాబట్టి ఇప్పుడు మనం సిరొంచలో ఒక ఆన్‌లైన్ దుకాణంలోకి వెళదాం. బయట లైను, లోపల ఫ్యాను, ప్రింటర్ మీద వినాయకుడు. ఒకామె ఇద్దరు పిల్లలతో వచ్చింది. పెనిమిటి నాలుగేళ్ల కింద సెంట్రింగ్ పనికని ప్రాణహిత దాటి మంచిర్యాల వెళ్లాడు. పని అయిపోయింది, ఆయన మాత్రం అక్కడే ఉండిపోయాడు, వేరే ఇల్లు పెట్టుకున్నాడు. ఆధార్ కార్డు జిరాక్సు ఒకటి ట్రంకుపెట్టెలో మిగిలింది. నంబరు ఎవరో బంధువులిచ్చారు. దుకాణంలో గోల కదా, వినబడాలని స్పీకర్ పెట్టారు. లైను మొత్తం నిశ్శబ్దమైంది.

“హలో.”

“ఎవరు?”

“నేను.”

“నేనంటే ఎవరు?”

“పిల్లల అమ్మను.”

కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఆలోచించి చెప్పాడు: “నా దగ్గర పైసల్లేవు.”

“పైసలెవరు అడిగిండ్రు? నీ ఫోన్ల ఆరంకెల నంబరు వస్తది. అది చెప్పు.”

నాలుగేళ్లలో ఆమె అడిగిన వస్తువు అతని దగ్గర నిజంగా ఉండటం ఇదే మొదటిసారి. కానీ ఆయన లోకం తెలిసినవాడు. “ఓటీపీ ఎవ్వలకు చెప్పద్దని టీవీల చెప్తున్నరు. బ్యాంకుల పైసలు పోతయట,” అన్నాడు. ఇంతకుముందే పైసల్లేవన్నాడని గుర్తుచేసే తీరిక ఎవరికుంది? అక్కడ పది నిమిషాల గడియారం తిరుగుతోంది. పైగా ఆయన తప్పేముంది, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ప్రభుత్వమే కదా ఊదరగొడుతోంది. ఆ ప్రభుత్వమే ఇప్పుడు ఆమె చేత అడిగిస్తోంది.

లైన్లో ఉన్న ముసలమ్మ మధ్యవర్తిత్వానికి దిగింది. “మర్యాదగ అడుగు బిడ్డా, ఎంతైనా మొగడు గదా.” వెనకాల ఇంకొకామె, “మొగడా వాడు?” అంది. కంప్యూటర్ ముందున్న పిల్లగాడు తల తిప్పకుండా, “అక్కా, టైమ్ అయిపోతది,” అన్నాడు. అవతల బావగారు అసలు విషయానికి వచ్చారు.

“చెప్తే నాకేమస్తది?”

ఐదొందలన్నాడు. ఆమె వందంది. రెండు రాష్ట్రాల మధ్య నదీజలాల మీద కూడా ఇంత చురుగ్గా చర్చలు జరిగి ఉండవు. మూడొందల దగ్గర తెగింది. ముందు ఫోన్‌పే కొట్టాలి, తర్వాతే అంకెలు. పిల్లగాడే తన ఫోన్‌లోంచి కొట్టాడు, ఆమె కొంగు ముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చింది. ఇక ఓటీపీ చదవాలి. చదవడం ఆయనకు రాదు. ఫోను లోపలికి తీసుకెళ్లి ఇంకెవరికో ఇచ్చాడు. ఆ ఇంకెవరు ఎవరో లైనందరికీ తెలుసు. అవతలామె ఒక్కో అంకే నిదానంగా, తప్పు లేకుండా చదివింది. చదివి అంది: “అక్కా, మా దిక్కు నెలకు ఇరవై అయిదు వందలన్నరు. మొగని నంబరు అడుగుతలేరు, పైసలూ ఇస్తలేరు.”

ఈలోపు టైమ్ అయిపోయింది. మళ్లీ మొదటినుంచి. రెండో ఓటీపీకి కూడా బావగారు రేటు అడగబోతే, అవతలామే ఫోను గుంజుకొని చదివేసింది.

ఆరు అంకెలకు మూడొందలు. అంకెకు యాభై. నెలకు 1,500 చొప్పున ప్రభుత్వం ఆ తల్లికి రోజుకు ఇచ్చేదీ యాభయ్యే.

ఈ ఒప్పందంలో ప్రభుత్వ విజయాన్ని తక్కువ చేయకండి. నాలుగేళ్లు పైసా పంపని మనిషికి ఒక గౌరవం, ఒక అవసరం, ఒక ఆదాయ మార్గం కల్పించింది. పెళ్లాన్ని వదిలేయడం ఇదివరకు దండగమారి పని, ఇప్పుడు దానికీ కమీషన్ ఉంది.

బతికున్నవాడు కాబట్టి బేరం కుదిరింది. చనిపోయినవాళ్ల సంగతి? ఫారంలో రెండే గళ్లు: భర్త, తండ్రి. ఇద్దరూ పోయినవాళ్లు ఎవరిని నిద్రలేపాలి? శ్మశానం దగ్గర ఒక సెల్ టవర్ వేయాలని ఈ వ్యాసకర్త సూచన. మాకు బతికున్నవాళ్లకే సగం ఊళ్లలో సిగ్నల్ నది అవతలి నుంచి రావాలి కనుక, టవర్ వల్ల మాకూ ఉపయోగం. ఇది జరిగేలోపు నవంబరులో ప్రభుత్వం దిగివచ్చి, భర్తా తండ్రీ లేనివాళ్లు మరణ ధ్రువపత్రమో కోర్టు విడాకుల కాగితమో అంగన్‌వాడీలో ఇస్తే చాలంది. గడువు డిసెంబరు 31కి జరిపింది. మంచిదే. ఇంట్లో పోయి, ఎక్కడా నమోదు కాకుండా కాలిపోయినవాళ్లకు కాగితం ఎవరిస్తారు? కోర్టు మెట్లెక్కకుండా ఊరి పంచాయితీలోనే తెగదెంపులైనవాళ్లకు? చెప్పాపెట్టకుండా పోయినవాడు, నేను పోయాను అని సంతకం పెట్టి పోతాడా? జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లు కాగితం వదులుకుంటారు.

దిక్కులేనివాళ్లకు వేరే పథకం ఉంది కదా అని చదువుకున్నవాళ్లు గుర్తుచేస్తారు. ఉంది, సంజయ్ గాంధీ నిరాధార్ యోజన. అందులోనూ భర్త పోయినామెకు నెలకు అదే 1,500. ముద్దుల చెల్లెలి కుటుంబానికి ఏటా రెండున్నర లక్షల ఆదాయం ఉన్నా పేదదే. నిరాధార్ పథకంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 21,000 దాటకూడదు. నెలకు 1,750. ఇద్దరు పిల్లల తల్లి అంతకంటే ఎక్కువ సంపాదిస్తే ఆమెకు ఆధారం ఉన్నట్టే అని నిర్ణయించిన అధికారి ఆ రోజు మధ్యాహ్నం ఎంత పెట్టి భోజనం చేశాడో.

ఇక మన హోటల్ బెంచీల మేధావులు. పొద్దున ఏడింటికి కూర్చుంటే పదకొండింటికి లేస్తారు. వాళ్ల బాధేమంటే, ఈ 1,500తో ఆడవాళ్లు సోమరులైపోయారట, పత్తి ఏరడానికి కూలీలు దొరకడం లేదట. 2025లో మహారాష్ట్రలో ఉపాధి హామీ కూలి రోజుకు 312. ఆ లెక్కన 1,500 ఐదు రోజుల కూలి కూడా కాదు. దొరకని ఆ సోమరులు ఎక్కడున్నారో చెబుతాను. మిరప ఏరే కాలంలో తెలంగాణ చేలల్లో ఉంటారు, పిల్లలను బడి మాన్పించి వెంటబెట్టుకొని మరీ. వేసవిలో తెల్లవారకముందే అడవిలో తునికాకు కోస్తుంటారు. మీరు అరువు కూలి పెట్టి, అడిగితే వచ్చే వారం అంటారు కనుక మీ చేలోకి రావడం లేదు. ఆ పైసలన్నీ మొగుళ్లు తాగేస్తున్నారని ఇంకో దిగులు. 1993 నుంచి మద్య నిషేధం ఉన్న జిల్లాలో అది ఎక్కడ దొరుకుతుంది బాబూ అని అడిగితే మాత్రం బెంచీ అంతా నది వైపు చూస్తుంది.

పోనీ, ఆ డబ్బు ఎటు పోతోందో కాసేపు నిజంగానే చూద్దాం. 2023 చివర్లో బళ్లలో మధ్యాహ్న భోజనంలో వారానికో గుడ్డు మొదలుపెట్టారు. 2025 జనవరిలో గుడ్డుకు నిధులు లేవన్నారు, కావాలంటే ఊళ్లో చందాలు వేసుకొని పెట్టుకోమన్నారు. బడిలో ఆగిన ఆ గుడ్డు ఇప్పుడు కిరాణా కొట్టు నుంచి రావాలి, తల్లి కొనాలి. చెల్లెలి చేతిలో పెట్టి, మేనల్లుడి పళ్లెంలోంచి తీయడం ఏ అన్న చేసే పని? మూడేళ్లలోపు పిల్లకు అంగన్‌వాడీ పొట్లం తీసుకోవాలన్నా 2025 జూలై నుంచి తల్లి ఫోను ముందు నిలబడి కళ్లార్పి ముఖం చూపించాలి. ముఖం సరిపోలకపోతే పొట్లం లేదు. ఆకలి ముఖం ఆధార్ ఫోటోలో ముఖంలా ఉండదని వాళ్లకెవరు చెప్పాలి?

ఆ ఫారం రాసిన పెద్దమనిషీ, నువ్వెవరివో నాకు తెలియదు. దుకాణంలో అందరూ నవ్వుతుంటే ఆమె నవ్వలేదు. అడుగుతున్నంతసేపూ పిల్ల చెయ్యి వదల్లేదు. ఇలా అడగాల్సి వచ్చినవాళ్లలో దెబ్బలు తిని, అర్ధరాత్రి పిల్లలను ఎత్తుకొని బయటపడ్డవాళ్లున్నారు. ఎక్కడున్నదీ వాడికి తెలియకూడదని నంబరు మార్చుకున్నవాళ్లున్నారు. ఏ గొంతు వినకూడదని ఇల్లు వదిలి వచ్చిందో ఆ గొంతును నెలకు పదిహేను వందల కోసం బతిమాలించావు. ఆమె వేలిముద్ర నీ దగ్గర ఉంది. ఫోటో ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, రేషన్ కార్డు ఉంది. పిల్లలను ఎవరు పెంచుతున్నారో ఊరంతా చెబుతుంది, అంగన్‌వాడీ రిజిస్టరు చెబుతుంది. అయినా ఆమె మాట నీకు చాలలేదు. వాడి మాట కావాల్సి వచ్చింది! పిల్లల జ్వరానికి రానివాడు, ఫీజుకు రానివాడు, నీ సర్వర్‌కు మాత్రం కుటుంబ పెద్ద. సిగ్గుండాలి.

సరే, ఓటీపీలన్నీ దాటినా ఫారం చివర ఒక గండం ఉంది. ‘కుటుంబంలో ఎవరూ ప్రభుత్వ ఉద్యోగంలో లేరు’ అనే వాక్యం మరాఠీలో ఇచ్చి, అవునా కాదా నొక్కమన్నారు. ఉద్యోగం లేదు కదా అని చాలామంది ‘కాదు’ నొక్కారు. ఆ క్షణంలో రాష్ట్రంలో లక్షల ఇళ్లలో ప్రభుత్వ ఉద్యోగులు పుట్టుకొచ్చారు, జీతం మాత్రం రాలేదు. కొత్త సంవత్సరంలో డబ్బు ఆగాక, ఏ ఇంట్లో ఏ ఉద్యోగి ఉన్నాడో చూసి రమ్మని అంగన్‌వాడీ అక్కలను పంపారు. వాళ్లు వెళ్లి చూశారు. తడిక ఉంది, కుండ ఉంది, మేక ఉంది.

ఈ-కేవైసీ ఒక్కసారితో అయిపోదట, ఏటా చేయించుకోవాలని ఉత్తర్వు. అందుచేత మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, హైదరాబాద్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డ బావగార్లకు మనవి: దయచేసి సిమ్ మార్చకండి, ఫోను ఛార్జింగ్‌లో ఉంచండి, రేటు ఈసారి కూడా మూడొందల్లోనే ఉండేలా చూడండి. చదవడం రానివాళ్లు చదువు వచ్చినామెను దగ్గర ఉంచుకోండి.