మొక్కకు ఫొటో, పులికి విషం

ఇది 2025 జూలై మాట. వనమహోత్సవం జోరు మీదుంది. ఈసారి తెలంగాణ రాష్ట్రమంతా కలిపి 18 కోట్ల మొక్కలట. కలెక్టరేట్ ఆవరణల్లో, బడి గోడల పక్కన, రోడ్డు డివైడర్లలో గుంతలు తవ్వుతున్నారు. పార పట్టిన మంత్రి, చెంబుతో నీళ్లు పోసే కలెక్టర్, చప్పట్లు కొట్టే పిల్లలు... మా డెస్కుకు రోజూ డజన్ల కొద్దీ ఫొటోలు వచ్చి పడుతున్నాయి. ఇదే జూలైలో ఇంకో వార్త కూడా వచ్చింది. మే 30న ఇచ్చిన జీవో 49ను ప్రభుత్వం నిలిపేసింది. మన కవ్వాల్ టైగర్ రిజర్వ్ నుంచి మహారాష్ట్రలోని తడోబా టైగర్ రిజర్వ్ దాకా పులులు తిరిగే దారిలో తెలంగాణ వైపు అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా, అంటే రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఉత్తర్వు అది. నిండా రెండు నెలలు బతకలేదు.

ఒక చేత్తో మొక్క నాటుతున్నారు, ఇంకో చేత్తో అడవిని పెంచే జంతువు దారి మూస్తున్నారు. ఇది ద్వంద్వనీతి. మెత్తగా చెప్పడానికి మాకు వేరే మాట దొరకలేదు.

పోడు భూములు పోతాయని, ఊళ్లు లేపుతారని ఆదివాసీలు భయపడ్డారు, బంద్‌కు దిగారు. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. పులి కంటే మనిషి ఎక్కువ కాదా అని అడిగేవాళ్లనూ తప్పుపట్టం. కానీ ఆ ప్రశ్న చాటున సర్కారు దాక్కుంటామంటే ఒప్పుకోం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఏ సెక్షన్ ఒక్కసారి చదివితే చాలు, స్థానికులతో సంప్రదించాకే కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించాలని రాసి ఉంది. పైగా ఇందులో ఐదో షెడ్యూల్ ప్రాంతమూ ఉంది, అంటే ఆదివాసీలకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన నేల. గ్రామసభలు పెట్టలేదన్నదే ఆదివాసీ సంఘాల మొదటి ఫిర్యాదు. జల్, జంగల్, జమీన్ అంటూ 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు రిజర్వ్‌కు పెట్టినవాళ్లకు, ఆయన మనవళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలని తోచలేదా? అడగకుండా ఇచ్చారు, అరిచేసరికి ఆపారు. అడవికీ దక్కలేదు, ఆదివాసీకీ నమ్మకం కలగలేదు.

సరే, పులి లేకపోతే కొంపలేం మునుగుతాయి, మొక్కలు నాటుకుంటే చాలదా అని బాగా చదువుకున్నవాళ్లు కూడా అంటున్నారు. వాళ్లు ఒకసారి తాడ్వాయి, మేడారం దారిలో బస్సు దిగి చూడాలి. 2024 ఆగస్టు 31న సుడిగాలికి ఏటూరునాగారం అడవిలో యాభై వేలకు పైగా చెట్లు ఒక్క పూటలో కూలిపోయాయి. అక్కడ మళ్లీ అడవి లేవాలంటే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు ఏ మూలకు సరిపోతాయి? ఆ పని చేసే కూలీలు వేరే ఉన్నారు. ఎలుగుబంటి రేలకాయ, రేగు పండు, తునికి పండు తిని ఎంతో దూరం నడిచిపోయి గింజలు వదులుతుంది. ఆ పొట్టలో నానిన రేల గింజ మామూలు గింజ కంటే బాగా మొలుస్తుంది. దుప్పి ఉసిరికాయలు మింగి, నీడన పడుకుని నెమరేస్తూ గింజలు ఉమ్మేస్తుంది. ఇప్ప గింజను రాత్రిపూట గబ్బిలాలు మోసుకుపోతాయి. ఈ కూలీలకు ఉపాధి హామీ డబ్బులు ఇవ్వక్కర్లేదు, మస్టర్ రాయక్కర్లేదు. బతకనిస్తే చాలు.

పెద్ద పండ్లు కాసే చెట్లకు పెద్ద నోరున్న జంతువే దిక్కు. ఉష్ణమండల అడవుల్లో అలాంటి చెట్లు చాలావరకు గట్టి కర్ర చెట్లు. గట్టి కర్రలోనే కార్బన్ ఎక్కువగా నిలవ ఉంటుంది. జంతువులు పోయిన అడవి పైకి పచ్చగానే కనిపిస్తుంది, శాటిలైట్ ఫొటోలోనూ పచ్చగానే వస్తుంది. లోపల మాత్రం ముసలి చెట్లకు వారసులుండవు.

నిప్పు సంగతి ఇంకా పెద్దది. ఫిబ్రవరి దాటిందంటే మన ఆకురాల్చే అడవులు ఎండి బీడీ ముక్కకు కూడా అంటుకునేలా ఉంటాయి. కణుజులు, మనుబోతులు, అడవిదున్నలు గడ్డి మేసిన చోట మంట పెద్దగా సాగదు. అవి మరీ ఎక్కువైతే మొలకలు మిగలవు కాబట్టి వాటి వెనక పులి, చిరుత, రేచుకుక్క ఉండాలి. ఇది ఎవరో తెల్లదొరల దేశం నుంచి తెచ్చిన సిద్ధాంతమని అనుకునేవాళ్లు తూర్పు ఆఫ్రికా సెరెంగెటి కథ వినాలి. అక్కడ రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం విల్డెబీస్ట్ అనే గడ్డి మేసే పెద్ద జంతువుల మందలను తినేసింది. సుమారు మూడు లక్షలే మిగిలాయి. మేసేవి లేక గడ్డి పెరిగింది, ఏటేటా మైదానంలో చాలా భాగం తగలబడింది. 1960లలో చుట్టుపక్కల ఊళ్ల ఆవులకు టీకాలు వేసి రోగాన్ని తరిమాక మందలు పది లక్షలు దాటాయి. గడ్డి తగ్గింది, మంటలు తగ్గాయి, చెట్లు లేచాయి. గాలిలోకి కార్బన్ వదిలిన నేలే తిరిగి కార్బన్‌ను పట్టి ఉంచడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరూ గుంతలు తవ్వలేదు. ఆవులకు సూదులు వేశారు, అంతే.

2023లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో శాస్త్రవేత్తలు ఈ లెక్కే పెద్దగా వేశారు. చేపలు, తిమింగలాలు, ఆఫ్రికా అడవి ఏనుగులు, విల్డెబీస్ట్, తోడేళ్లు ఇలా తొమ్మిది రకాల జంతువులను కాపాడి పెంచితే ఏడాదికి 641 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అదనంగా పట్టి ఉంచొచ్చన్నారు. మన పులి ఆ జాబితాలో లేదు, నిజమే. తోడేలు ఉన్నా అది చలి దేశాల అడవుల లెక్క. అలాగని చేతులు దులుపుకుంటే కుదరదు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం మన టైగర్ రిజర్వ్‌లనే చూసింది. పులి పేరు చెప్పి గట్టిగా కాపలా కాసిన చోట్ల 2007 నుంచి 2020 మధ్య 5,800 హెక్టార్ల అడవి నరికివేత నుంచి బయటపడింది, పది లక్షల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగిందని తేల్చింది. పులి కార్బన్ తినదు. పులి ఉన్న అడవిలోకి గొడ్డలి రాదు.

అలాంటి పులికి మనం ఇచ్చిన మర్యాద ఏమిటి? కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. తడోబా నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులులు రిజర్వ్ దాకా వచ్చి నిలవడం లేదు, కాగజ్‌నగర్ అడవుల్లోనే ఆగి పిల్లలను పెడుతున్నాయి. అంటే పులి ఇల్లు రిజర్వ్ బయట ఉంది. జీవో 49 కాపాడాల్సింది ఆ నేలనే. 2024 జనవరిలో అక్కడే రోజుల తేడాలో రెండు పులులు చచ్చిపడ్డాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పూశారు. ఆ పని చేసినవాళ్లను మేము సమర్థించడం లేదు. కానీ ఎద్దును పోగొట్టుకున్న రైతు చేతిలో పరిహారం డబ్బు వారంలో పడి ఉంటే ఆ విషం డబ్బా మూత తెరిచేవాడా? ఫారెస్టోళ్ల చుట్టూ, పశువుల డాక్టరు చుట్టూ, మీసేవ చుట్టూ తిరిగి తిరిగి విసిగిన మనిషికి వాతావరణ మార్పు గురించి ఎవరు చెబుతారు, ఏ మొహంతో చెబుతారు?

ఒక్క కళేబరానికి పూసిన విషం ఒక్క పులితో ఆగదు. అదే కాగజ్‌నగర్ వైపు బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. 2013లో అక్కడ పొడుగుముక్కు రాబందులు కనబడితే పండగ చేసుకున్నాం. ఈ దేశంలో రాబందులు ఎలా పోయాయో అందరికీ తెలుసు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువుల వాడకానికి ఆ మందును నిషేధించేసరికే కథ అయిపోయింది. కళేబరాలు కుళ్లాయి, ఊరకుక్కలు పెరిగాయి, రేబిస్ పెరిగింది, నీళ్లు పాడయ్యాయి. 2000 నుంచి 2005 వరకు అయిదేళ్లలో దేశంలో అదనంగా అయిదు లక్షల మంది చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. పక్షి పోతే మనుషులు పోయారు. పులికి పెట్టిన విషం రాబందు నోట్లోకీ వెళ్తుందని గుర్తుందా?

అడవిపందుల కోసం పరిచే కరెంటు తీగలదీ అదే కథ. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలంలో ఆ తీగ తగిలి గ్రేహౌండ్స్ జవాను ప్రాణం పోయింది. తీగకు పందికీ పులికీ పోలీసుకూ తేడా తెలియదు.

మనుషుల బాధను మేము తక్కువ చేయడం లేదు. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది. ఆ తర్వాత కూలీలకు తల వెనక పెట్టుకోవడానికి మాస్కులు పంచారు. మాస్కులు! పులి జాడ ముందే చెప్పే మనిషి ఊరికొకడు ఉంటే, పత్తి చేలల్లో ఆ వారం పని ఆపి కూలి డబ్బు సర్కారే ఇస్తే ఎంత ఖర్చవుతుంది? 18 కోట్ల గుంతలకయ్యే దాంట్లో ఎన్నో వంతు?

హరితహారం రోజుల నుంచీ ఇదే తంతు. ఊరూరా కోనోకార్పస్ నాటించి, తర్వాత అదే చెట్టు వద్దని ఆపారు. పార్టీలు మారాయి, పథకం పేరు మారింది, మొక్కల లెక్క మాత్రం మారలేదు. అడవిలో దుప్పులు ఎన్ని, ఎలుగులు ఎన్ని, పోయినేటి కంటే పెరిగాయా తగ్గాయా అని ఏ సమీక్షలోనైనా ఎవరైనా అడిగారా? మంచిర్యాల నుంచి చంద్రపూర్ వైపు నాలుగు వరుసల రోడ్డు, కాజీపేట నుంచి బల్లార్షా దాకా మూడో రైల్వే లైను, రెండూ ఆ పులుల దారినే కోస్తున్నాయి. వాటి ఫైళ్లు ఆగవు. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు పంపినప్పుడు నెమళ్ల అరుపు సుప్రీంకోర్టు దాకా వినబడి 2025 ఏప్రిల్ 3న స్టే వచ్చింది, అక్కడా ఆపింది సర్కారు కాదు. ఆగింది ఒక్క జీవో 49.

2024 డిసెంబరులో ములుగు దాటి నర్సంపేట వైపు పులి అడుగులు కనబడితే ఓరుగల్లు సగం భయపడింది, సగం మురిసింది. పాకాల అడవి దాకా పులి నడిచి వచ్చిందంటే దారి ఇంకా పూర్తిగా తెగలేదన్నమాట. దాన్ని తెగ్గొట్టే పని ఇప్పుడు సచివాలయం నుంచే జరిగితే ఎవరికి మొరపెట్టుకోవాలి?

జీవో 49ను చెత్తబుట్టలో వేయొద్దు. దాన్ని పట్టుకుని గూడేలకు వెళ్లండి, గ్రామసభలు పెట్టండి, పోడు పట్టాల జోలికి రామని రాసి సంతకం పెట్టండి. కవ్వాల్ లోపలి నుంచి లేచి కడెం దగ్గరికి వచ్చిన మైసంపేట, రాంపూర్ కుటుంబాలకు ఇచ్చిన మాటలన్నీ నెరవేరాయో లేదో ముందు అక్కడికే వెళ్లి చూడండి, తర్వాతి గ్రామసభలో అడిగే మొదటి ప్రశ్న అదే. వచ్చే వారం మళ్లీ పార పట్టుకుని కెమెరా వైపు తిరిగే మంత్రులు, ఆ పూటకు ఫొటో మానేసి కాగజ్‌నగర్‌లో ఏ పశువుల కొట్టం ముందైనా ఆగి, పులి పట్టిన ఎద్దుకు డబ్బు ఎన్ని నెలలకు వచ్చిందో అడగాలి. జవాబు విన్నాక మొక్క నాటడానికి చేతులు ఆడితే నాటండి.