చచ్చిన గుర్రం తోకకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుర్రం తోక గారికి,

నమస్కారాలు. ఒళ్ళంతా అరేబియా సముద్రంలో చేపల పాలైనా తమరు మాత్రం క్షేమంగా రేవు దిగి, విజయనగరం (నేటి హంపీ) చేరి, బతికున్న గుర్రం ధర పుచ్చుకున్నారని విని చాలా సంతోషించాం. అక్కడి రాజు సాళువ నరసింహరాయలు, గుర్రాలు చచ్చినా బతికినా, మూడింటికి వెయ్యి పర్దావుల (బంగారు నాణేల) చొప్పున ఇచ్చేవాడట. సముద్రంలో చచ్చినవాటికి తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలట. తానూ గుర్రాల బేరగాడే అయిన పోర్చుగీసు నూనిజ్ ఈ మాట రాసిపెట్టాడు. అంటే తమరి వెల సుమారు 333 పర్దావులు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమని మన పెద్దలన్నారు గానీ, గుర్రం తోక సంగతి వాళ్ళకి తెలిసినట్టు లేదు.

తోకకు పళ్ళుండవు కాబట్టి వయసు అడగడానికి లేదు. కుంటిదా, మేలుజాతిదా అని తేల్చడానికీ లేదు. ఇంత నిక్కచ్చి రసీదు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఈ మర్యాద తమరితో మొదలైంది కాదు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే పాండ్యుల దగ్గర ఇదే ఒప్పందం నడిచింది. పారశీక సింధుశాఖలోని కీష్ దీవి నుంచి జమాలుద్దీన్ అనే వర్తకుడు ఏటా 1,400 గుర్రాలు పంపాలి, ఒక్కోదానికి 220 దీనార్ల ఎర్ర బంగారం, దారిలో చస్తే ఆ సొమ్మూ రాజే కట్టాలి అని పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు. ఇటు పాండ్య కొలువులో మంత్రిగా తమిళ తీరంలోని కాయల్ రేవు చూసుకునేది ఆ జమాలుద్దీన్ సోదరుడు తఖీయుద్దీనే. అమ్మేదీ ఆ ఇల్లే, కొనిపించేదీ ఆ ఇల్లే. డబ్బంటారా, గుడి మాన్యాల రాబడి నుంచి, దేవదాసీల మీద వేసిన పన్ను నుంచి వచ్చేదట.

ఇంతకీ తమరి మిగతా శరీరం ఎలా పోయిందో చెప్పుకుందాం. పారశీక రేవు హర్ముజు ఓడలకు మేకులుండవు, పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. పైన కప్పు కూడా లేదు. సరుకు నింపి, దాని మీద తోళ్ళు పరిచి, ఆ తోళ్ళ మీద గుర్రాల్ని నిలబెట్టేవారని మార్కో పోలో చెప్పాడు. ఆ ప్రయాణం తట్టుకుని దిగినవాటికి అసలు గండం లాయంలో ఉండేది. నలభై రోజులు తాళ్ళతో, గూటాలతో కదలకుండా కట్టేసి, వెన్న పట్టించిన గింజలు, కాచిన ఆవుపాలు పెట్టి బలిపించేవారు. ఆ తర్వాత తర్ఫీదు లేకుండా, అంకవన్నెలు (రౌతు కాళ్ళు పెట్టుకునే రికాబులు) కూడా లేకుండా ఎక్కి ఉరికించేవారు. పోలో చూసినచోట అన్నంలో మాంసం కలిపి వండి పెట్టారట, గడ్డి తినే జంతువుకి! పాండ్యరాజు ఏడాదికి రెండు వేలకు పైగా కొంటే, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావు. ఉక్కపోతకు తోడు, ఇక్కడ పుట్టిన గుర్రప్పిల్లలు వంకర కాళ్ళతో పుట్టేవి. పశువైద్యం తెలిసినవాళ్ళు లేరు, ఉన్నవాళ్ళని వర్తకులు ఓడ ఎక్కనిచ్చేవారు కాదు. మళ్ళీ ఏడు బేరం కావాలిగా మరి.

మదురైలో ఒక కథ ఉంది. గుర్రాలు కొనమని ఇచ్చిన సొమ్ము మంత్రి మాణిక్కవాచకర్ గుడికి ఖర్చు పెట్టేస్తే, శివుడు నక్కల్ని గుర్రాలుగా మార్చి పంపాడట. రాత్రికి అవి మళ్ళీ నక్కలయ్యాయి. అయితేనేం, నాలుగు కాళ్ళ మీద నడిచి వచ్చాయి. తమరు ఆ శ్రమ కూడా పడలేదు.

అయినా రాజుల్ని వెర్రివాళ్ళనడానికి నోరు రావడం లేదు. సముద్రంలో నష్టం వర్తకుడి నెత్తిన పడితే వాడు మరో రేవు చూసుకుంటాడు. కాకతీయ గణపతిదేవుడు 1244–45 నాటి మోటుపల్లి శాసనంలో అందుకే అభయమిచ్చాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పాత రాజులు లాగేసుకునేవారు. తాను ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏదీ ముట్టనన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఇంకా విప్పి చెప్పాడు. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చేవాళ్ళకి ఊళ్ళూ ఇళ్ళూ ఇచ్చి, కొలువులో మన్నించి, మంచి ధర కట్టాలట, అవి శత్రువు చేతికి పోకుండా. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని నూనిజ్ లెక్క. మన లాయంలో చచ్చినా ఫరవాలేదు, సుల్తాను లాయంలో బతక్కూడదు. తమరికి కట్టిన ధరలో సగం ఈ అసూయదే అనుకోండి.

ఇక తమరిని మోసుకొచ్చినవాళ్ళు గాలి మళ్ళేదాకా నెలల తరబడి రేవుల్లోనే ఉండాలి కాబట్టి పెళ్ళిళ్ళు చేసుకున్నారు, మసీదులు కట్టుకున్నారు. కర్ణాటక తీరంలోని భట్కల్ నవాయతులనే ముస్లింలు తాము ఆ అరబ్బు వర్తకుల సంతతేనని చెప్పుకుంటారు. హంపీ మహర్నవమి దిబ్బ మీద గుర్రాల్ని నడిపించుకొచ్చే పరదేశీయుల్ని వరసగా చెక్కారు. అందులో గుర్రాలన్నిటికీ కాళ్ళున్నాయి. తోక ఒక్కటే పట్టుకొచ్చినవాడిని శిల్పి ఎందుకో వదిలేశాడు.

ఇట్లు,
తోకలు లెక్కపెట్టి విసిగిన రేవు సుంకరి

తా.క.: 1510లో గోవా పట్టుకున్న పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్ గుర్రపు ఓడలన్నీ ఇకమీదట తన రేవుకే రావాలంటున్నాడు. అటు బిజాపూరుతో, ఇటు విజయనగరంతో ఒకేసారి బేరమాడుతున్నాడు. తమరి బంధువులకు కబురు పెట్టగలరు.