‘ఇంతేనేటి?’ అన్నవాళ్ల వైపు

ఇక్కడ అమెరికాలో మన సంఘం వాట్సాప్ గ్రూపులో అంతరిక్షం ఫొటో ఒకటి పడిందంటే తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ముందు దండాలు, వెనకాలే జెండాలు, ఆపైన ‘గూస్‌బంప్స్’ అంటూ నాలుగైదు మెసేజ్‌లు. అరగంటలో ఆ ఫొటో అడుక్కి పోయి ఎవరిదో గృహప్రవేశం పైకి వస్తుంది. ఈలోపు ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఇంకొకటుంది: "మన ఊళ్లల్లో అయితే ఈపాటికి ఇందులో దేవుణ్ణి చూసేసి కొబ్బరికాయ కొట్టేసుంటారు." దానికి నవ్వుల బొమ్మలు.

నా పేచీ ఆ మాటతోనే. శ్రీకాకుళం జిల్లాలో మావాళ్ల పక్కన కూర్చుని ఇలాంటి ఫొటోలు చూసినప్పుడు నాకు తెలిసొచ్చింది వేరు. మనం మెచ్చేసుకుని ఊరుకుంటాం. వాళ్లు అంత తొందరగా మెచ్చుకోరు, అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తారు. ఆ ప్రశ్నలు మన దండాలకంటే చాలా విలువైనవని నా అభిప్రాయం.

చంద్రయాన్-3 దిగిన సాయంత్రం, అంటే 2023 ఆగస్టు 23న, నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక సెల్‌ఫోన్ల షాపు టీవీ ముందు గుంపులో ఉన్నాను. 6 గంటల 4 నిమిషాలకి విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. ఈలలు, చప్పట్లు, ఎవరో తెచ్చిన మందుగుండు. హడావిడి కాస్త తగ్గాక నా పక్కనున్న పెద్దాయన, "ఇప్పుడు మనం చూసింది బొమ్మేనా, నిజమేనా బాబూ?" అన్నాడు. ఆ రోజు ఎన్నో చర్చా కార్యక్రమాలు చూశాను గానీ అంత మంచి ప్రశ్న ఏ యాంకరూ అడగలేదు. దిగుతున్నంతసేపూ తెర మీద మనం చూసింది కంప్యూటర్ యానిమేషన్, పక్కన ఎత్తూ వేగం చూపించే అంకెలు. ల్యాండర్ దిగాక తీసి పంపిన ఫొటో ఆ తర్వాత వచ్చింది. బూడిద రంగు నేల, చిన్నచిన్న గుంటలు, ఓ పక్క ల్యాండర్ కాలి నీడ. అంతే.

ఇంటికొచ్చి అది మా మేనత్తకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, ఫోన్ అటూ ఇటూ తిప్పి, "ఇంతేనేటి?" అంది. అని ఊరుకుంటే నేనిది రాసేవాణ్ణి కాదు. మరో నిమిషం చూసి, "నీడ పడిందంటే ఎండ ఉన్నట్టే కదా. అక్కడ ఇప్పుడు తెల్లారిందా, పొద్దుపోయిందా?" అంది. తెల్లవారింది. చంద్రుడి మీద పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు. విక్రమ్, దాంతో వెళ్లిన ప్రజ్ఞాన్ రోవర్ ఆ ఒక్క పగలు పనిచెయ్యడానికి తయారైనవే, అందుకే పొద్దు పొడిచే వేళ చూసి దింపారు. పైగా ఆ చోటు దక్షిణాన 69 డిగ్రీల దగ్గరుంది కాబట్టి నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తి మీదకి రాడు, ఏ రాయి నీడైనా బారుగానే పడుతుంది. ప్రయాణం ముహూర్తం మొత్తం ఆ నీడలో ఉంది. మన గ్రూపులో ఆ ఫొటోకి వచ్చిన దండాల్లో ఆ నీడ సంగతి ఎత్తినవాళ్లు నాకు కనబడలేదు.

గ్రహాల ఫొటోలు చూసి నిరుత్సాహపడటం మన పల్లెటూళ్ల సొత్తేమీ కాదు. 1965 జులైలో నాసా నౌక మారినర్-4 అంగారకుడి పక్కనుంచి పోతూ తీసిన ఫొటోలు చూసి అమెరికా మొత్తం ఇంతేనా అనుకుంది. ఒక్కో ఫొటోలో 200 వరసలు, వరసకి 200 చుక్కలు. ఒక్కటి భూమికి చేరడానికి సుమారు ఎనిమిది గంటలు. కంప్యూటర్ దాన్ని బొమ్మ చేసి ఇచ్చేదాకా ఆగలేక ఇంజినీర్లు, అంకెలు అచ్చయిన కాగితం పట్టీలు గోడకి వరసగా అంటించి, ఏ అంకెకి ఏ రంగో నిర్ణయించుకుని, రంగు సుద్దలతో చేత్తోనే దిద్దేశారు. వేరే గ్రహాన్ని దగ్గరగా తీసిన మొదటి టీవీ ఫొటోకి ముందు ఈ చేతి ముగ్గు పుట్టింది. అంత ఆత్రంగా చూస్తే కనబడింది చంద్రుడి మీద ఉన్నలాంటి గుంటలు. కాలవలు, పచ్చదనం ఉంటాయని ఆశపడ్డ జనం ఉసూరుమన్నారు. అంగారకుడు చచ్చిన గ్రహమని పత్రికలు తేల్చేశాయి.

1976 జులైలో నాసా నౌక వైకింగ్-1 అంగారకుడి మీద దిగినప్పుడు మొదట విడుదల చేసిన రంగు ఫొటోలో ఆకాశం నీలంగా ఉంది. మన ఆకాశంలాగే ఉందని అందరికీ సంతోషం. తర్వాత రంగులు సరిచూసుకుని, కాదు, గులాబీ ఛాయలో ఉంది అని శాస్త్రవేత్తలు చెప్పేసరికి విలేకరులు సరదాగానే అయినా ‘బూ’ అని గోల చేశారట. మనూరి ఆకాశం లాంటిది అక్కడ లేకపోతే మనకి కోపం. ఇది మనిషి జాతి అంతటికీ ఉన్న జబ్బు, ఒక్క కళింగాంధ్రకి అంటగట్టకండి.

అసలు సంగతికొస్తాను. శ్రీకాకుళం జిల్లా తీరం పక్కనున్న ఉద్దానంలో పుట్టినవాళ్లకి పైనుంచి తీసిన ఫొటో కొత్త కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా అక్టోబరు నెలలో తుపాను వస్తోందంటే టీవీలో ఇన్‌శాట్ మేఘాల బొమ్మ ముందు జనం ఎలా కూర్చుంటారో ఒకసారి చూడండి. కన్ను ఏర్పడిందా, ఏర్పడితే గుండ్రంగా ఉందా చెదిరిందా, పొద్దున్నకీ ఇప్పటికీ ఎటేపు జరిగింది, గోపాల్‌పూర్ వైపా కళింగపట్నం వైపా. వీధరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా చెబుతాడు. ఆ బొమ్మలో ఎరుపు కనబడితే అక్కడ మేఘం ఎర్రగా ఉందని ఎవరూ అనుకోరు. మేఘం బాగా ఎత్తుకెళ్లి చల్లబడిందనీ, దాని కింద వాన దంచుతుందనీ వాళ్లకి తెలుసు. ఆ రంగు మనిషి వేసిందే, దానికో లెక్క ఉంది. ఇంత చిన్న విషయం తెలియకే కదా మనవాళ్లు నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం, ప్రతి ఫొటో కిందా ‘నిజంగా ఇన్ని రంగులా’ అని ఆశ్చర్యపోయేది!

2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరింది. నాలుగు రోజుల తర్వాత ఇస్రో పూర్తి గోళం ఫొటో ఒకటి పెట్టింది, 74,500 కిలోమీటర్ల దూరం నుంచి తీసినది. మనం ఇక్కడ 450 కోట్లలో ఎలా చేశారో అని మురిసిపోతున్నాం. మా బావ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మనిషి. పేపర్లో ఆ ఫొటో చూసి, ఉత్తర భాగంలో ధూళి తుపాను రేగిందన్న వార్త చదివి, నాకు ఫోన్ చేశాడు. "నీళ్లు లేనికాడ తుపానెలగొచ్చింది బావా?" నేను అప్పటికి ఆ ఫొటోని రెండు గ్రూపులకి పంపి ఉన్నాను. తుపాను మాట నా కంట పడనే లేదు. ఎండకి నేల, దాని మీద గాలి వేడెక్కి లేస్తే దుమ్ము కూడా లేస్తుంది, లేచిన దుమ్ము ఎండని పట్టుకుని గాలిని ఇంకా వేడెక్కిస్తుంది, అక్కడి గాలి మన గాలిలో నూరోవంతు కూడా ఉండదు కాబట్టి చెట్టుని పడగొట్టే బలం దానికి రాదు అని తర్వాత చదివి చెప్పాను. "అలగైతే నయమే," అన్నాడు.

ఆ మాట అన్న రెండు వారాలకే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. నాలుగేళ్లకి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ నేరుగా పలాస పక్కకే వచ్చి ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. ఆ ముందురోజంతా మా బావ మేఘాల బొమ్మ చూస్తూనే ఉన్నాడు. బొమ్మని చదవడం రావడం వల్ల చెట్లు నిలబడవు, మనుషులు మాత్రం ముందే పక్కా ఇళ్లకి చేరారు.

ఇదంతా జరిగాక ఒకసారి గురుగ్రహం ఫొటో చూపించాను. నాసా నౌక జూనో 2017 జులైలో అక్కడి ఎర్ర మచ్చ అనే పెద్ద తుపాను మీదుగా పోతూ తీసినది. జూనో కెమెరా తీసిన ముడి ఫొటోలని అందరికీ వదిలేస్తారు, వాటిని సరిచేసి రంగులు దిట్టంగా పెంచి అందంగా తయారుచేసేది ఎక్కువగా ఇంటి దగ్గర కూర్చున్న ఔత్సాహికులే. ఆ సుడి వెడల్పు సుమారు 16,000 కిలోమీటర్లనీ, మన భూమి దాంట్లో పట్టేస్తుందనీ చెప్పాను. ఇక్కడ ఎవరికి చూపించినా ‘వావ్’ అంటారు, నేనూ అన్నాను. మా బావ సుడి అంచులన్నీ వేలితో పెద్దవి చేసి చూసి, "ఇది తీరం ఎప్పుడు దాటతాది?" అన్నాడు.

దాటదు. గురుగ్రహం మీద కాలు మోపే నేల లేదు, కాబట్టి ఒడ్డూ లేదు. మన తుపాను నేలెక్కగానే కింద వెచ్చని సముద్రం లేక నీరసపడిపోతుంది. దానికి అలాంటి అడ్డు లేదు, 150 ఏళ్లకు పైగా అది తిరుగుతూనే ఉండటానికి ఒక కారణం అదే. అంత పెద్ద శాస్త్ర విషయానికి దారి చూపింది తీరం గురించి బెంగ ఉన్న మనిషి. "మరైతే దానికి సావే లేదన్నమాట," అన్నాడు. ఉందేమో. 19వ శతాబ్దం చివర్లో సుమారు 40,000 కిలోమీటర్లున్న మచ్చ కుదించుకుపోతూ వస్తోంది. ‘బలహీనపడింది’ అని మన వాతావరణ కేంద్రం వాళ్ల భాషలో చెబితే ఠక్కున అర్థమైంది.

దేవుడి ముఖాల సంగతి కూడా తేల్చేద్దాం. రాతిలో ముఖం చూడటం తప్పు కాదు, కన్ను చేసే పనే అది. 1976లో వైకింగ్-1 కక్ష్యలోంచి తీసిన ఫొటోలో కొండ మీద నీడలు ముఖంలా పడితే, అది వెలుతురు ఆట అని నాసా అప్పుడే చెప్పినా, పాతికేళ్లపాటు పుస్తకాలు అమ్ముకున్నవాళ్లు మన ఊరివాళ్లు కాదు. 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక దగ్గరగా తీస్తే మామూలు గుట్టే. 2022లో క్యూరియాసిటీ రోవర్ తీసిన ‘అంగారకుడి మీద తలుపు’ కూడా అంతే, ఆ తలుపు ఎత్తు అడుగు! ఫొటో పక్కన స్కేలు లేకపోవడమే అక్కడ జరిగిన మోసం.

వార్త వచ్చి ఫొటో రాకపోతే ఏమవుతుందో 1979లో చూశాం. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడిపోతుందన్న పుకార్లతో మన ఊళ్లు ఎంత వణికాయో, పోయేదెలాగూ పోతాం కదా అని ఎన్ని కోళ్లు కోసుకు తిన్నారో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అది జులైలో హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడింది. దానికి అరవై తొమ్మిదేళ్ల ముందు, 1910లో హేలీ తోకచుక్క వచ్చి లోకమంతా భయపడుతుంటే, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు దాన్ని భూమికి దూరపు చుట్టమన్నారు, దారిన పోతూ చూసిపోవడానికి వచ్చిందన్నారు. ఆ చుట్టాన్ని 1986 మార్చిలో జొట్టో నౌక 600 కిలోమీటర్ల దూరం నుంచి ఫొటో తీసింది. పదిహేను కిలోమీటర్ల పొడుగున్న బొగ్గులాంటి నల్లటి ముద్ద. అంత తళతళలాడే తోకకి తల అది. గురజాడ ఉండి చూస్తే ఏమనేవారో గానీ, దండం పెట్టి ఊరుకునే మనిషి మాత్రం కాదు.

ఇక అబద్ధపు ఫొటోల విషయంలో నాకు నిజంగా కోపం ఉంది. ప్రజ్ఞాన్ చక్రం చంద్రుడి మట్టిలో మూడు సింహాల ముద్ర వేసిందంటూ 2023లో తిరిగిన ఫొటో గీసిన బొమ్మ. వెనక చక్రాల మీద ఇస్రో గుర్తు, మూడు సింహాల గుర్తు చెక్కిన మాట నిజమే, ఆ ఫొటో మాత్రం చంద్రుడి మీద తీసింది కాదు. ఏటా దీపావళికి వచ్చే ‘అంతరిక్షం నుంచి దీపావళి భారతం’ ఇంకా పాతది. అది ఏళ్ల తరబడి తీసిన రాత్రి దీపాల సమాచారాన్ని కలిపి, ఏ కాలంలో వెలిగినవాటికి ఏ రంగో కేటాయించి చేసిన పటం, దానికీ దీపావళికీ సంబంధం లేదు. ఈ రెండూ మా ఊరివాళ్ల ఫోన్లలోకి ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసా? చాలావరకు మన దగ్గర్నుంచే. అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపాడంటే అక్కడ దాన్ని ఎవరూ అనుమానించరు. పీహెచ్‌డీలు ఉన్నవాళ్లం, ఒక్క నిమిషం వెతికి చూసే ఓపిక లేదు మనకి.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం. ఈసారి సైన్స్ పేరు మీద పెట్టే డబ్బుతో మళ్లీ రాకెట్ ఆకారం కేకూ, సెల్ఫీ పాయింటూ వద్దు. పలాస, మందస వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లకి ముడి ఫొటోలు పంపుదాం, ప్రతి దాని పక్కనా స్కేలు, ఆ రంగు ఎవరు ఎందుకు వేశారో రెండు వాక్యాలు. చంద్రయాన్, మంగళయాన్ సమాచారం బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న ఇస్రో డేటా కేంద్రం ఎవరికైనా ఇస్తోంది. ప్రజ్ఞాన్ తీసిన విక్రమ్ త్రీడీ బొమ్మ చూడటానికి ఎరుపూ నీలమూ కళ్లద్దాలు చాలు, అట్ట ముక్కకి జిలెటిన్ పేపరు అంటించి పిల్లలే చేసుకుంటారు. దానికన్నా ముందు మారినర్ పద్ధతి పెట్టాలి. అంకెల పట్టీ, రంగు సుద్దలు ఇచ్చి, ఏ అంకెకి ఏ రంగో వాళ్లనే తేల్చుకోమనాలి. సుద్దలూ జిలెటిన్ పేపరూ పలాస బజార్లో దొరుకుతాయి, మా బావని అడిగి కనుక్కున్నాను. ఒప్పుకుంటే మొదటి పట్టీ నేనే తయారుచేస్తాను. 2014లో మంగళయాన్ తీసిన ఆ గోళంలో, తుపాను ఉన్న ముక్క.