మొక్కుబడి హెచ్చరికలు

కంపెనీల త్రైమాసిక ఫలితాల కాన్ఫరెన్స్ కాల్ మొదలుకాగానే ఎవరో ఒకరు గబగబా ఒక పేరా చదివేస్తారు. భవిష్యత్తు గురించి మేం చెప్పేవన్నీ అంచనాలే, అసలు ఫలితాలు వేరుగా ఉండవచ్చు అని దాని సారాంశం. ఇన్వెస్టర్లకిచ్చే ప్రజెంటేషన్‌లోనూ అదే పేరా సన్నటి అక్షరాల్లో ఒక స్లైడ్ నిండా ఉంటుంది. మిగతా స్లైడ్లలో పైపైకి పోయే బాణాలు. హైదరాబాద్ ఫార్మా, ఐటీ కంపెనీలకూ ఇది మామూలే. పోటీ, రూపాయి మారకం, ప్రభుత్వ విధానాలు అంటూ ఏ కంపెనీకైనా అతికే ఆ జాబితా ఏళ్లు గడిచినా పెద్దగా మారదు.

ఈ పద్ధతికి మూలం అమెరికాలో 1995లో వచ్చిన చట్టం. అంచనాను అంచనా అనే చెప్పి, అది తలకిందులయ్యేందుకు దారితీసే ముఖ్య కారణాలను అర్థవంతంగా వివరిస్తే, తర్వాత లెక్క తప్పినా మదుపరుల దావాల నుంచి కంపెనీకి రక్షణ ఉంటుంది. తొలి పబ్లిక్ ఇష్యూలకు మాత్రం వర్తించదు. ఉద్దేశం సబబే. కోర్టు భయంతో యాజమాన్యాలు నోరు కట్టేసుకుంటే నష్టపోయేది వాటాదారులే. మన దేశంలో అలాంటి ప్రత్యేక రక్షణ ఏ చట్టంలోనూ లేదు. అయినా ఆ వాక్యాలు మాత్రం దిగుమతయ్యాయి, ‘అర్థవంతంగా’ అన్న షరతును అక్కడే వదిలేసి.

ఈ పేరా దేన్ని కాపాడలేదో హైదరాబాద్‌కు బాగా తెలుసు. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని 2009 జనవరి 7న ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటపెట్టింది. అది రేపటి అంచనా కాదు, నిన్నటి లెక్క. న్యూయార్క్ ఎక్స్ఛేంజీలోనూ లిస్టయిన ఆ కంపెనీ అమెరికా మదుపరుల దావాను 12.5 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది.

అంత బరితెగింపు ఎప్పుడోగానీ చూడం. మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది అంతకంటే నాజూకైన పని: ఇప్పటికే నెత్తిన పడ్డదాన్ని పడే అవకాశం ఉందని రాయడం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు ప్లాంటు చూసి, లోపాలు రాసిన ఫారం 483 చేతిలో పెట్టి వెళ్తారు. వాటిని సరిదిద్దకపోతే వ్యవహారం వార్నింగ్ లెటర్ దాకా పోతుంది, ఆ ప్లాంటులో తయారయ్యే కొత్త మందులకు అనుమతులు ఆగిపోవచ్చు. ఆ కాగితం టేబుల్ మీద ఉండగానే ‘నియంత్రణ సంస్థల చర్యలు మా వ్యాపారంపై ప్రభావం చూపవచ్చు’ అని ఊరుకుంటే అది హెచ్చరిక కాదు, దాచడం. ఇలాంటి రాతలు మదుపరులను తప్పుదోవ పట్టించేవేనని అమెరికా కోర్టులు కూడా కొన్ని కేసుల్లో తప్పుపట్టాయి.

పైగా, ఈ జాగ్రత్తలేవీ అమీర్‌పేట హాస్టల్లో ఫోన్ మీద షేర్లు కొనే కుర్రాడి దాకా చేరవు. టీవీ స్క్రోలింగ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో మిగిలేది ‘20 శాతం వృద్ధి’ అన్న అంకె ఒక్కటే.

వార్షిక నివేదికలో భవిష్యత్ అంచనాలు, రిస్కుల గురించి రాయాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లిస్టింగ్ నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. అక్కడే ఒక చిన్న పట్టిక తప్పనిసరి చేయాలి: నిరుడు ఏం చెప్పారు, ఏం జరిగింది, చెప్పిన రిస్కుల్లో ఏది నిజమైంది. ఇలాగైతే అంచనాలు చెప్పడమే మానేస్తామని కొన్ని కంపెనీలు బెదిరించవచ్చు. లెక్క చెప్పలేని అంచనాలు ఆగిపోతే మదుపరికి వచ్చే నష్టమేమీ లేదు.