అంగారకుడి మీద ఎగిరారు, గవర్నర్‌పేటలో చతికిలబడ్డారు

మహారాజశ్రీ లైనక్సు గారికి,

విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్ళికార్డులూ కరపత్రాలూ, అప్పుడప్పుడూ ఏ రిటైరైన తెలుగు మాస్టారిదో పద్యాల పుస్తకమూ కంపోజు చేసుకుని బతికే డీటీపీ వాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, అందులో సగమే నిజం. తమరు కుశలమని లోకమంతా కోడై కూస్తోంది. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

తమరి ఘనత తెలియక రాస్తున్నాననుకోవద్దు. తమరు విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమని, అంటే కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేరని, మా మేనల్లుడు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటుందట, 2017 నవంబరు నుంచి అందులో ప్రతిదాన్నీ నడిపేది తమరేనట. ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నదీ తమరేనట. అంటే మా అత్తగారు అర్ధరాత్రి దాకా చూసే సీరియళ్ళలో తమరికీ భాగముంది. 2021లో నాసా వాళ్ళు అంగారకుడి మీద ఎగరేసిన ఇన్‌జెన్యూయిటీ హెలికాప్టరులోనూ తమరే కూర్చున్నారట. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరిందట. చాలా సంతోషం. పీల్చడానికి గాలి లేని చోట హెలికాప్టరు ఎగరేసిన తమరు, ఏలూరు రోడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న నా షాపులో ప్రింటరు చేత ఒక్క కాగితం కక్కించలేకపోయారు.

ఆలోచిస్తే నాకొకటి తట్టింది. తమరు దివ్యంగా వెలిగే చోట్లన్నిట్లోనూ ఎదురుగా మనిషి ఉండడు. సర్వరు గదిలో ఉండడు, అంగారకుడి మీద అసలే ఉండడు. ఫోనులో ఉంటాడనుకుంటే, అక్కడ తమరి ముఖం కనపడకుండా గూగుల్ వాళ్ళు ముసుగేశారు. ఒక మామూలు మనిషి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటే మాత్రం తమరికి ఎక్కడలేని బిడియం.

నేనేమీ మోజుపడి తమరి గుమ్మం ఎక్కలేదండీ. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మద్దతు ఆగిపోయి విండోస్ 10కి నూకలు చెల్లాయి. దసరా వెళ్ళింది, దీపావళి ఇంకా రాలేదు, కార్తీకమాసం ముహూర్తాల కార్డులన్నీ నెత్తిమీదున్నాయి. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరన్నా ఉండాలి. నాది ఆరో తరం. నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి వేయడానికి ప్రాణం ఒప్పలేదు. “మావయ్యా, లైనక్సు వేసుకో, ఉచితం” అన్నాడు మేనల్లుడు. ఉచితం అన్న మాటకు కరగని వ్యాపారస్తుడు బెజవాడలో ఎవడున్నాడు?

“సరే, వెయ్యరా” అన్నాను. “ఏది వెయ్యను?” అన్నాడు. తమరు ఒక్కరు కారని, డిస్ట్రోలనే పేరుతో రకరకాల కూర్పులున్నాయని అప్పుడు తెలిసింది. 1993లో మొదలైన డెబియన్, దాని కడుపున 2004లో పుట్టిన ఉబుంటు, ఉబుంటు కడుపున మింటు, వేరే గోత్రంలో ఫెడోరా, ఇటుకా ఇటుకా తానే పేర్చుకుంటానంటే ఆర్చి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ ఒకటి, స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులో చేసింది ఒకటి. పెళ్ళికార్డులు వేసేవాణ్ణి కాబట్టి గోత్రాల లెక్క నాకు కొత్తేమీ కాదు, ఎలాగో ఒక సంబంధం ఖాయం చేశాను. వెంటనే “డెస్క్‌టాప్ ఏది?” అన్నాడు. అంటే తెర మీద తమరి వేషం ఏదని. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్. ఒక్క ప్రోగ్రాం దింపుకుందామంటే దానికీ నాలుగు రకాల పొట్లాలు: డెబ్, స్నాప్, ఫ్లాట్‌పాక్, యాప్‌ఇమేజ్. స్వేచ్ఛ అంటే ఇదేనట. నేను స్వేచ్ఛ కావాలని వచ్చినవాణ్ణి కాదు మహాప్రభో, సాయంత్రానికి రెండొందల కార్డులు ఇవ్వాల్సినవాణ్ణి.

ఖాయం చేసుకున్న సంబంధం పేరు మాత్రం ఇక్కడ చెప్పను. చెబితే మిగతా గోత్రాల వాళ్ళంతా నా షాపు మెట్లెక్కుతారు.

పాత విండోస్‌ను కూడా పక్కనే ఉంచమన్నాను, ఎందుకైనా మంచిదని. ఆ మంచితనం చెడ్డదై కూర్చుంది. మా వృత్తిలో ప్రాణాలన్నీ డీ డ్రైవులో ఉంటాయి. తమరి రాజ్యంలో సీ లేదు, డీ లేదు. వెతగ్గా వెతగ్గా ఒక మూల ఏదో అంకెల పేరుతో కనిపించింది. తెరిచాను, ఫైళ్ళన్నీ ఉన్నాయి. మార్చి సేవ్ చేయబోతే కుదరదంది. చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు. విండోస్ తాను ఆగిపోయినట్టు కనపడుతుంది గానీ, ఫాస్ట్ స్టార్టప్ పేరుతో సగం నిద్రలోనే ఉంటుందట. నిద్రపోతున్నవాడి సొత్తు మీద చెయ్యి వేయడం తమరికి మర్యాద కాదట. మర్యాద బాగానే ఉంది. సొత్తు నాది కదా?

పాస్‌వర్డు సంగతి అలా ఉంచండి. ఆదేశాలు టైపు చేసే కిటికీ, అదే టెర్మినల్లో కొడుతుంటే చుక్క లేదు, నక్షత్రం లేదు, కర్సరు కూడా కదలదు. కీబోర్డు చెడిపోయిందనుకుని వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చేవాళ్ళ తలరాత ఏమిటి? వెనక ఎవడో నిలబడి అక్షరాలు లెక్కపెడతాడని అలా చేశారట. నా వెనక నిలబడేది టీ గ్లాసులు తీసుకెళ్ళే పిల్లాడు.

మా షాపులో పనిచేసే కుర్రాడి సంగతి అంత తేలిగ్గా వదిలేది కాదు. వాడికి వేరే ఖాతా పెట్టాం. నేను బ్యాంకుకు వెళ్ళినప్పుడు వాడు ఏదో ఫాంటు ఎక్కిద్దామని సూడో అని మొదలయ్యే వరుస, అంటే అధికారి హోదాలో ఇచ్చే ఆదేశం, ఒకటి కొట్టాడు. మీకు ఆ అధికారం లేదు, ఈ సంఘటన రిపోర్టు చేయబడును అని ఇంగ్లీషులో వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి మానిటరు ఆపేసి ఉంది, వాడు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. “అన్నా, నేనేం చెయ్యలేదన్నా, పోలీసులు వస్తారా?” అన్నాడు. ఎవరికి రిపోర్టు చేస్తారండీ తమరు? విచారిస్తే తేలిందేమంటే, ఆ నేరం ఆ కంప్యూటరులోనే ఒక చిట్టాలోకి ఎక్కుతుంది, ఆ చిట్టా చూడవలసిన అధికారిని నేనే. అధికారిగా నాకు అందిన మొదటి ఫిర్యాదు, మా కుర్రాడు పని చేయబోయాడని.

అక్షరాల పట్టింపు మరొకటి. ప్రతి డీటీపీ సెంటరులోనూ ఫైనల్ అనే ఫైలు ఉంటుంది, దాని తర్వాత ఫైనల్ ఫైనల్ ఉంటుంది, ఆ తర్వాత దేవుడున్నాడు. విండోసులో పెద్ద ఎఫ్ పెట్టినా చిన్న ఎఫ్ పెట్టినా ఫైనల్ ఒక్కటే. తమరి దగ్గర రెండూ వేర్వేరు మనుషులు, ఒకే ఇంట్లో పక్కపక్కనే కాపురం ఉంటారు. ఒకదాంట్లో వరుడి ఇంటిపేరు దిద్ది ఉంది, రెండోదాంట్లో లేదు. ప్రెస్సుకు ఏది వెళ్ళిందో వేరే చెప్పాలా?

ఇక అసలు దెబ్బ తెలుగు దగ్గర. మా బెజవాడ డీటీపీ లోకం తమరికి పరిచయం లేదు కాబట్టి చెబుతాను. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక అంకె కేటాయించే యూనికోడ్ పద్ధతి 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. మేం పట్టించుకోలేదు. ఇక్కడ పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకరే ఇలవేల్పు. దాని ఆఖరి వెర్షను 7.0 వచ్చింది 2001లో, ధూపదీప నైవేద్యాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. దాంతోపాటు వాడే పాత తెలుగు ఫాంట్లలో నిజానికి తెలుగక్షరం ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో తలకట్టును ఒకచోట, గుడిని ఒకచోట, వత్తును ఇంకోచోట దాచిపెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ అది శ్రీరస్తు శుభమస్తు. ఫాంటు లేకపోతే దాని నిజరూపం బయటపడుతుంది.

అది బయటపడింది తమరి సన్నిధిలో. సీతారాముల తలంబ్రాల శ్లోకం తెరిచాను. పౌండు గుర్తు, యెన్ గుర్తు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఏ, కింద తోక వేలాడే సీ. పెళ్ళికూతురి తండ్రి నా పక్కనే కుర్చీలో ఉన్నాడు. “ఇదేం భాషండీ?” అన్నాడు. “సంస్కృతమండీ” అన్నాను.

న్యాయంగా ఇందులో తమరి తప్పు లేదు. పాతికేళ్ళుగా మా ఊరి అచ్చుపని మొత్తాన్ని ఇంగ్లీషు గదుల్లో అద్దెకు ఉంచింది మేమే. ఏ యూనికోడ్ తెలుగు ఫైలు ఇచ్చినా తమరు కిక్కురుమనకుండా చూపిస్తారు. సూరన్న, రామభద్ర, మండలి, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి, రామభద్రతో శీర్షిక పెడితే కార్డుకు నిండుతనం కూడా వస్తోంది. కానీ వేళ్ళ మాటేమిటి? నా వేళ్ళకు వచ్చింది ఆపిల్ కీబోర్డు అనే తెలుగు మీటల అమరిక. తమరు మొదట చూపించేది ఇన్‌స్క్రిప్టు అనే మరో అమరిక. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి, ఎంతో శాస్త్రీయమట. నాకు శాస్త్రం వద్దండీ, చి.ల.సౌ. కావాలి. అది పడటానికి నాకిప్పుడు కార్డు మొత్తం కొట్టేంత సేపు పడుతోంది.

ప్రింటరు దగ్గరికి వస్తాను, కోపం చల్లారకముందే. నాది చవకరకం పాత లేజరు. అలాంటివాటికి సొంత బుర్ర ఉండదు, పేజీలోని ప్రతి చుక్కా కంప్యూటరే లెక్కగట్టి పంపాలి. ఆ లెక్క కంపెనీ వాళ్ళ డ్రైవరు ప్రోగ్రాముకే తెలుసు. తమరు దాన్ని గుర్తుపట్టారు, పేరు చూపించారు, సిద్ధం అన్నారు. ప్రింటు కొడితే పని పూర్తయింది అని కూడా అన్నారు. కాగితం మాత్రం రాలేదు. ఇంత చక్కగా అబద్ధమాడేవాళ్ళను నేను అడ్వాన్సు బాకీల వసూళ్ళ దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు.

ఇందులో పెద్ద విచిత్రం, తమరి వంశచరిత్ర. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 1983లో గ్ను ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు అంతకుముందు ఎంఐటీ ప్రయోగశాలలో ఒక జిరాక్స్ లేజర్ ప్రింటరుతో గొడవ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా దాని ప్రోగ్రాం మార్చుకుందామని ఆయన అడిగితే, సోర్సు కోడు, అంటే ప్రోగ్రాం అసలు రాతప్రతి, ఇవ్వనన్నారు. ఆ మంట నుంచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆలోచన రాజుకుందని ఆయనే చెప్పుకున్నాడు. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు, ఇది నా సరదా కోసమే, పెద్దదేమీ కాదు అంటూ తమరి పుట్టుక చాటాడు. అంటే తాతగారు ప్రింటరు మీద అలిగి ఉద్యమం లేవదీశారు, మనవడు సూపర్ కంప్యూటర్లన్నీ జయించాడు, ప్రింటరు మాత్రం ఇవాళ్టికీ లొంగలేదు.

పోనీ అని సాయమడిగాను. తమరి భక్తులు బహు ఉదారులు, అడిగిన దానికి తప్ప అన్నిటికీ జవాబిస్తారు. ఒకాయన కెర్నలు వెర్షను ఎంత, లాగ్ ఏది అన్నాడు. ఇంకొకాయన ఆ డిస్ట్రో వేసుకోవడమే తప్పు, పీకేసి మాది వేసుకోండి అన్నాడు. మూడో ఆయనకు ప్రింటరుతో పని లేదు, వట్టి లైనక్సు అన్నందుకు మందలించాడు, గ్ను లైనక్సు అనాలట. నాలుగో ఆయన నిజంగా మంచివాడు. ఒక వరుస ఇచ్చి టెర్మినల్లో అతికించమన్నాడు. కంట్రోల్ వీ నొక్కాను, అతకలేదు. షిఫ్టు కూడా కలపాలట. కంట్రోల్ సీ నొక్కితే కాపీ కాదు, నడుస్తున్న పని అక్కడికక్కడే చస్తుంది. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిన మీట ఇక్కడ హత్యాయుధమైంది.

చెప్పకపోతే అన్యాయం గనక ఇదీ చెబుతాను. ఆరో తరం డబ్బా ఇప్పుడు లేడిలా లేస్తోంది. పెళ్ళివారు ఎదురుగా కూర్చుని ప్రూఫు దిద్దుతుండగా అప్‌డేటు పేరు చెప్పి తనంతట తాను ఆగిపోవడం లేదు. అందుకే తమరిని పీకేయలేదు. పగటి పూట విండోస్, ఖాతాదారులు వెళ్ళాక తమరు. కొత్తగా వచ్చే పద్యాల పుస్తకం యూనికోడ్‌లో తమరి దగ్గరే మొదలుపెట్టాను. పీడీఎఫ్ చేసి ప్రెస్సుకు పంపితే చాలు, నా ప్రింటరుతో పని లేదు. మాస్టారికి ఈ ఏర్పాటు తెలియదు, ఆయనకు ఛందస్సు తప్ప ఏ సిస్టమూ పట్టదు.

తమరు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. ఈసారి మరో గ్రహానికి బయల్దేరేముందు గవర్నర్‌పేటలో ఒక పూట ఆగండి. కుర్చీ వేస్తాను, టీ తెప్పిస్తాను. ఒక్క పేజీ ప్రింటు తీసి వెళ్ళండి.

ఇట్లు,
తమరి గ్రామాంతర విధేయుడు,
ఒక డీటీపీ వాడు

తా.క.: తమరి దగ్గర్నుంచి విండోస్‌లోకి వెళ్ళినప్పుడల్లా అక్కడి గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. కంప్యూటరు లోపలి గడియారాన్ని తమరు గ్రీనిచ్ లెక్కన పెడతారట, అదే మన ఊరి సమయమనుకుని వాళ్ళు చదువుకుంటారట. ఇంటర్నెట్ అందుకుని సర్దుకునేదాకా అంతే సంగతులు. మొన్న శుక్రవారం పదిన్నరకు ఒక పెద్దాయన వచ్చి, రాహుకాలం మొదలైంది, పన్నెండు దాటితే గానీ కార్డు మొదలుపెట్టొద్దన్నాడు. తెర మీద టైము ఐదు గంటలు చూపిస్తోంది. “బ్రహ్మముహూర్తమండీ, ఇప్పుడే మొదలెడదాం” అన్నాను. ఆయన నన్నూ, గుమ్మంలో ఎండనూ మార్చి మార్చి చూసి, మధ్యాహ్నం వస్తానని లేచాడు. ఆ కార్డు పక్కవీధిలో అచ్చయిందని తర్వాత తెలిసింది.